చీటీ మీది అంకె మారకూడదు: పాల కేంద్రాల యాప్ మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో గేదె పాలు ఎక్కువగా సేకరించే ఒక డెయిరీ కేసు ఇది. ఊరి కేంద్రాల్లో పాల లెక్క రాసే యాప్‌ను అక్కడ మేం తిరిగి డిజైన్ చేశాం. డెయిరీ పేరు, జిల్లా, కేంద్రాల సంఖ్య ఇవ్వడం లేదు. కింద వచ్చే ధరలు లెక్క చూపడానికి తీసుకున్నవే, ఆ డెయిరీ చెల్లించినవి కావు.

1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల అభివృద్ధి పథకంతో దేశమంతా పాకిన ఆనంద్ (గుజరాత్) తరహా సహకార సంఘమైనా, ప్రైవేటు డెయిరీ అయినా, ఊళ్లో జరిగే పని ఒకటే. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట రైతులు వచ్చి పాలు పోస్తారు. కేంద్రం నడిపే సెక్రటరీ కొలత చూసి, శాంపిల్ తీసి, వెన్న శాతం కట్టి రాసుకుంటాడు. 15 రోజులకోసారి బిల్లు. దాణా బస్తాలు, అడ్వాన్సులు ఆ బిల్లులోనే కోసుకుంటారు. వెన్న చూడటానికి ఒకప్పుడు గెర్బర్ పద్ధతి ఉండేది: బ్యుటిరోమీటర్ అనే కొలత గొట్టంలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేవారు. ఇప్పుడు చాలా కేంద్రాల్లో అల్ట్రాసోనిక్ అనలైజర్ ఉంది. శాంపిల్ పెట్టిన 40 సెకన్లకు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) అంకెలు చూపిస్తుంది.

కేంద్రం అంటే రేకుల గది, ఒక బల్ల, ఎలక్ట్రానిక్ కాటా, అనలైజర్, కరెంటు పోతే నడిపే 12 వోల్టుల బ్యాటరీ, 2 జీబీ ర్యామ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్, రెండంగుళాల థర్మల్ ప్రింటర్. ఫోన్ సెక్రటరీ సొంతది. అందులో ఇంట్లోవాళ్ల ఫొటోలు, వాట్సాప్ వీడియోలు నిండి ఉంటాయి. రీచార్జి 28 రోజులది, అయిపోయాక రెండు మూడు రోజులు డేటా ఉండదు. డిజైన్ చేసేవాళ్లు ఇదంతా మామూలు పరిస్థితి అనుకుని మొదలుపెట్టాలి. అరుదుగా వచ్చే ఇబ్బందిగా లెక్కేసిన యాప్ మొదటి నెలలోనే చతికిలబడుతుంది.

సమస్య

యాప్ అప్పటికే ఉంది. వేరే సంస్థ కట్టింది. అన్ని కేంద్రాల్లోనూ వాడుతున్నారని హెడ్ ఆఫీసు లెక్క. రోజూ ఎంట్రీలు వచ్చేవి, డ్యాష్‌బోర్డు నిండుగా కనిపించేది. అయినా బిల్లుల మీద గొడవలు తగ్గలేదు. రైతులు వేరే డెయిరీకి పాలు పోయడం మొదలుపెట్టారు.

ఎంట్రీల టైమ్ చూస్తే సంగతి తెలిసింది. చాలా కేంద్రాల్లో వరుస ఎంట్రీల మధ్య 10, 12 సెకన్లే తేడా ఉంది. ఒక్కో శాంపిల్‌కు అనలైజర్ 40 సెకన్లు తీసుకుంటున్నప్పుడు ఇది కుదరని పని. పైగా ఆ ఎంట్రీలు రాత్రి తొమ్మిది తర్వాతివి. అంటే పూట జరుగుతున్నంతసేపూ లెక్క నోటుబుక్‌లో నడుస్తోంది, తీరిక దొరికాక ఇంట్లో కూర్చుని దాన్ని యాప్‌లోకి ఎక్కిస్తున్నారు. పాలు పోసిన మనిషికి చీటీ అందడం లేదు. ఆ మనిషికి తెలిసింది సెక్రటరీ నోటితో చెప్పిన వెన్న అంకె ఒకటే. 15 రోజుల తర్వాత బిల్లులో ఇంకో అంకె కనిపిస్తే ఎవరిని అడగాలి, ఏది చూపించి అడగాలి?

పూట ముగిసిన అరగంటకు యాప్ లాక్ అయ్యేలా చేయమని హెడ్ ఆఫీసు కోరింది. ఆ దారి వద్దనుకున్నాం. లాక్ వేస్తే నోటుబుక్ పోదు, అందులోంచి హడావిడిగా ఎక్కించిన తప్పుడు అంకెలు పెరుగుతాయి. జీతం కాదు, లీటరుకు ఇంత అని కమిషన్ తీసుకునే సెక్రటరీ రెండుసార్లు రాసే చాకిరీ ఊరికే చేయడు. యాప్‌లో పట్టనిది ఏదో నోటుబుక్‌లో పడుతోంది కాబట్టే చేస్తాడు. అదేమిటో ముందు చూడాలి.

నోటుబుక్ చెప్పినవి

పాత నోటుబుక్ పేజీలనూ అదే పూట యాప్ ఎంట్రీలనూ పక్కపక్కన పెట్టి వరుస వరుసగా పోల్చడమే అసలు పరిశోధన. ఇంటర్వ్యూల్లో రానివి ఇక్కడ దొరికాయి.

ఒకే కోడ్ మీద ఒకే పూట రెండు వరుసలు చాలాచోట్ల ఉన్నాయి. ఆ ఇంట్లో గేదే ఉంది, ఆవూ ఉంది. రెండు క్యాన్లు వస్తాయి. డేటాబేస్‌లో మాత్రం ఒక సభ్యుడికి పూటకు ఒకే ఎంట్రీ అన్న నిబంధన పెట్టారు. రెండో క్యాను నమోదు కాదు, అందుకని సెక్రటరీ రెండూ కలిపి సగటు వెన్న తానే కట్టి ఎక్కించేవాడు. బిల్లు తేడాల్లో పెద్ద భాగం ఇదే.

అనలైజర్ చెడిన రోజున యాప్ మూగబోయేది. మోసం జరగకూడదని వెన్న అంకెను చేత్తో కొట్టే వీలు తీసేశారు. మిషన్ బాగయ్యేదాకా సెక్రటరీ గెర్బర్‌కో, నిన్నటి అంకెకో పోయేవాడు, అదంతా నోటుబుక్‌లోనే. విరిగిన పాలు వెనక్కి పంపితే ఆ సంగతి రాసే చోటు లేదు. దాణా బస్తా ఎవరు తీసుకెళ్లారో పుస్తకం చివరి పేజీలో ఉండేది. బిల్లులో అది తేదీ, బస్తాల లెక్క లేకుండా ‘కోతలు’ అన్న ఒక్క మొత్తంగా కనిపించేది.

క్యూ లెక్క

మధ్యరకం కేంద్రం తీసుకుందాం. 90 మంది పాలు పోస్తారు, పాల బండి వచ్చేలోపు గంటన్నర సమయం. అనలైజర్‌కే 90 సార్లు 40 సెకన్లు, అంటే 60 నిమిషాలు. మిగిలిన 30 నిమిషాలను 90 మందికి పంచితే తలా 20 సెకన్లు. అందులోనే క్యాను దించాలి, పాలు పోయాలి, కొలత చూడాలి, శాంపిల్ తీయాలి. యాప్ కోసం విడిగా మిగిలే సమయం సున్నా. దాని పని మొత్తం అనలైజర్ 40 సెకన్లలోనే ఇమడాలి.

పాత యాప్‌లో పేరు వెతకడం, పాల రకం, లీటర్లు, వెన్న, సేవ్, ప్రింట్ అన్నీ వేర్వేరు తెరలు. ఒక మనిషి పూర్తయ్యేదాకా రెండో మనిషిని మొదలుపెట్టలేరు. పేరుతో వెతకడం అన్నిటికంటే నెమ్మది. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ఏడెనిమిది మంది ఉంటారు, ఇంటిపేరు కూడా కలుస్తుంది. ఊళ్లో అసలు గుర్తు కోడ్ నంబరే. క్యాను మీద పెయింటుతో రాసి ఉంటుంది, పిల్లాడు పాలు తెచ్చినా అదే చెబుతాడు.

కొత్త డిజైన్‌లో తూకాన్నీ టెస్టునూ విడదీశాం. ఒకరి శాంపిల్ అనలైజర్‌లో ఉండగా తర్వాతివాళ్ల కోడ్ కొట్టి లీటర్లు తీసుకోవచ్చు. దీనివల్ల కొత్త ప్రమాదం ఒకటి వస్తుంది: ఒకరి వెన్న మరొకరి ఖాతాలో పడటం. అందుకే శాంపిల్ సీసాలకు 1 నుంచి 6 వరకు అంకెలు వేసిన గూళ్ల ట్రే పెట్టాం. తూకం కాగానే యాప్ ఒక గూడు నంబరు ఇస్తుంది. అనలైజర్ నుంచి వచ్చిన ఫలితం ఎప్పుడూ వరుసలో ముందున్న గూటికే వెళుతుంది. ఆ కోడ్ తెర మీద పెద్దగా వెలుగుతుంది. సెక్రటరీ ఒక మీట నొక్కితేనే చీటీ అచ్చవుతుంది. ఆ ఒక్క నొక్కు తీసేస్తే పని వేగం ఇంకా పెరిగేది. కానీ మళ్లీ టెస్టు చేయమని రైతు అడిగినప్పుడు వరుస మొత్తం ఒక గూడు జరిగిపోతుంది, ఆ తప్పు పూట చివరిదాకా ఎవరికీ కనిపించదు. నొక్కు ఉంచాం.

పనికిరానివి

తెర మీది పెద్ద కీప్యాడ్ మొదట ప్రయత్నించిన పరిష్కారం. 64 డీపీ (సుమారు ఒక సెంటీమీటరు) ఎత్తున్న బటన్లు. ఆఫీసులో చక్కగా పనిచేసింది. కేంద్రంలో చేతికి పాలూ నీళ్లూ అంటి ఉంటాయి; తడి వేలికి కెపాసిటివ్ తెర ఒకసారి స్పందించదు, ఒకసారి రెండు అంకెలు తీసుకుంటుంది. సెక్రటరీలు చివరికి చూపుడువేలు మడిచి కణుపుతో కొట్టడం మొదలుపెట్టారు. బటన్ ఇంకా పెంచినా లాభం లేదని అర్థమయ్యాక బ్లూటూత్ అంకెల కీప్యాడ్ తెచ్చాం. ఆండ్రాయిడ్ దాన్ని మామూలు కీబోర్డుగానే గుర్తిస్తుంది, కోడ్ మార్పు స్వల్పం. ప్లాస్టిక్ కవరు తొడిగితే తడి సమస్య కూడా తీరింది. కాటా, అనలైజర్ తీగలు ఆర్‌ఎస్-232 (పాత తరహా సీరియల్ పోర్టు) నుంచి యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా ఫోన్‌లోకి వచ్చి, ఉన్న ఒక్క పోర్టునూ తీసుకుంటాయి కాబట్టి కీప్యాడ్‌కు బ్లూటూత్ ఎంచుకోవడమే దారి.

తర్వాతిది గొంతు. చదవలేని వాళ్ల కోసం తెలుగులో అంకెలు పలికించాలన్న ఆలోచన మంచిదే. కానీ వెన్న శాతం గది అంతటికీ వినిపిస్తుంది. ఒకరికి 5.2 అని పలికితే వెనక క్యూలోవాళ్లు నీళ్లు కలిపావా అంటారు. రెండు కేంద్రాల్లో ఇది పెద్ద మాటలదాకా వెళ్లింది. గొంతును లీటర్లకే పరిమితం చేసి వెన్ననూ డబ్బునూ చీటీకే వదిలేశాం. చదువురాని పెద్దవాళ్లలో చాలామంది అంకెలు గుర్తుపడతారు. నోట్లు, బస్సు నంబర్లు, ఫోన్ నంబర్లు రోజూ చూసేవే. చీటీ మీద ఎప్పుడూ ఒకే చోట, ఒకే పరిమాణంలో అంకెలు ఉంటే చాలు. ఆ అంకెలు 1, 2, 3 రూపంలోనే ఉండాలి. తెలుగు అంకెలు ఈ తరంలో చదివేవాళ్లు బహు తక్కువ.

ఎస్‌ఎంఎస్ కూడా నిలబడలేదు. తెలుగులో ఒక ఎస్‌ఎంఎస్‌కు 70 అక్షరాలే, దాటితే ఒక్కో ముక్కకు 67. గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి చిన్న వాక్యమే రెండు ముక్కలవుతుంది, ఖర్చు రెట్టింపు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేటు (సందేశం నమూనా) ముందే డీఎల్‌టీ అనే వ్యవస్థలో నమోదు చేయించాలి, మాట మారిస్తే మళ్లీ ఆమోదం. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఏమిటంటే, నమోదైన నంబరు చాలామందికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న కొడుకుది. పాలు పోసే తల్లికి ఆ సందేశం చేరదు.

ఒకరి వెన్న ఎప్పటికంటే తేడాగా వస్తే యాప్ ఇచ్చే హెచ్చరిక కూడా మొదట తప్పుడు కూతలే కూసింది. రెండు పాలు పితుకుళ్ల మధ్య విరామం తక్కువైతే వెన్న పెరుగుతుంది, అందుకే సాయంత్రం పాలలో సాధారణంగా వెన్న ఎక్కువ. పొద్దుటి అంకెతో సాయంత్రం అంకెను పోల్చిన ప్రోగ్రాం రోజూ అందరినీ అనుమానించింది. పొద్దున్నకు గత పది పొద్దుటి అంకెలతో, సాయంత్రానికి సాయంత్రాలతో పోల్చేలా మార్చి, హెచ్చరికను బల్ల దగ్గర కాకుండా సూపర్‌వైజర్‌కే చూపించాం.

నిలబడినవి

యాప్‌ను తాకేది సెక్రటరీ ఒక్కడే. దాని మీద బతుకు ఆధారపడేది బల్లకు అవతల నిలబడ్డ 90 మంది. వాళ్లకు కనిపించే తెర చీటీయే. ఇది స్థిరపడ్డాక మిగతా నిర్ణయాలన్నీ ఒక నియమం కిందికి వచ్చాయి: చీటీ మీద అచ్చయిన అంకె తర్వాత ఎక్కడా, ఎవరి చేతా మారకూడదు.

లెక్కతో మొదలుపెట్టాలి. కిలో వెన్నకు రూ. 800, వెన్న 6.8 శాతం, లీటరు బరువు 1.03 కిలోలు అనుకుందాం. 6.7 లీటర్లకు నేరుగా లెక్కిస్తే రూ. 375.41. బరువును ముందు 6.90 కిలోలకు సవరించుకుంటే రూ. 375.36. లీటరు ధరను ముందు రూ. 56.03 చేసి గుణిస్తే రూ. 375.40. పాత ఫోన్ యాప్ ఒక దారిలో, సర్వర్ మరో దారిలో వెళ్లేవి. ప్రతి ఎంట్రీ దగ్గర పైసలు, బిల్లులో రూపాయలు తేడా వచ్చేది. గణితపరంగా మొదటిదే కచ్చితం. అయినా మూడోది తీసుకున్నాం. చీటీ మీద లీటర్లు, లీటరు ధర, మొత్తం ఉంటే ఇంటికెళ్లి ఎవరైనా ఫోన్ క్యాలిక్యులేటర్‌లో గుణించి చూసుకోవచ్చు, సరిగ్గా అదే వస్తుంది. ఒక పైసా కచ్చితత్వం కంటే రైతు సరిచూసుకోగలగడమే ఎక్కువ. డబ్బును పైసల్లో, లీటరును 10 మి.లీ. యూనిట్లలో పూర్ణాంకాలుగా దాచి, దశాంశ లెక్కను కోడ్‌లోంచి పూర్తిగా తీసేశాం. ఫోన్, సర్వర్ రెండూ ఒకే పరీక్షా పట్టిక దాటితేనే కొత్త వెర్షన్ విడుదల.

ధర మారిన రోజు ఇంకో చిక్కు. నెట్ లేని ఫోన్ పాత ధరతో చీటీ ఇస్తుంది. సర్వర్ దాన్ని చడీచప్పుడు లేకుండా కొత్త ధరకు మార్చేస్తే నియమం చెడుతుంది. అందుకని పాత ఎంట్రీ అలాగే ఉంటుంది, తేడా మొత్తం ‘ధర సవరణ’ పేరుతో వేరే వరుసగా బిల్లులో కనిపిస్తుంది. తప్పు ఎంట్రీకీ ఇదే పద్ధతి: దిద్దడం లేదు, దాన్ని రద్దు చేసే ఎదురు ఎంట్రీ వేసి కొత్త చీటీ ఇవ్వాలి. చేత్తో కొట్టిన వెన్నకు అనుమతి ఇచ్చాం, చీటీ మీద ‘చేతి నమోదు’ అని పడుతుంది. నిషేధిస్తే అది నోటుబుక్‌లోకి వెళ్లి మాయమవుతుంది. గుర్తుతో అనుమతిస్తే ఏ కేంద్రంలో ఎన్ని వస్తున్నాయో సూపర్‌వైజర్‌కు కనిపిస్తుంది.

కొత్త ధరను చేరవేయడానికి నెట్ కంటే నమ్మకమైనది పాల బండి. పాలు ఆగవు కాబట్టి బండి పూటపూటా వస్తుంది. బండితో వచ్చే ధరల కాగితం మీద క్యూఆర్ కోడ్ అచ్చువేశాం. వెన్న 5.0 నుంచి 10.0 వరకు 51 మెట్లు, ఎస్‌ఎన్‌ఎఫ్ 16 మెట్లు పెడితే 816 గళ్లు, గడికి రెండు బైట్లంటే 1,632 బైట్లు. అతిపెద్ద క్యూఆర్‌లో 2,953 బైట్లు పడతాయి కాబట్టి సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అంత చిక్కటి కోడ్‌ను చవక ఫోన్ కెమెరా, రేకుల గది వెలుతురులో పట్టలేదు. పట్టిక బదులు మూల ధర, మెట్టుకు పెంపు, అమలు తేదీ, పూట మాత్రమే పెడితే కోడ్ చిన్నదైంది. తిరుగు ప్రయాణంలో ట్రక్ షీట్ (పాలతో పాటు డెయిరీకి వెళ్లే లెక్క కాగితం) మీద పూట మొత్తం లీటర్లు, సగటు వెన్న, చివరి చీటీ నంబరు ఇంకో క్యూఆర్‌గా వెళతాయి. నెట్ వారం రోజులు లేకపోయినా డెయిరీ లెక్క ఆగదు.

సింక్ (ఫోన్‌లోని ఎంట్రీలను సర్వర్‌కు చేర్చడం) విషయంలో ఆండ్రాయిడ్ నేపథ్యంలో చేసే పనిని నమ్ముకోలేదు. వాడకుండా ఉంచిన ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చే, 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన డోజ్ మోడ్, దానికి తోడు ఫోన్ కంపెనీల బ్యాటరీ పొదుపు కలిసి చవక ఫోన్లలో ఆ పనిని చంపేస్తాయి. పూట ముగింపు మీట నొక్కినప్పుడు, తెర వెలుగుతుండగానే 20 ఎంట్రీల చొప్పున పంపుతాం. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య పుడుతుంది, రెండుసార్లు చేరినా సర్వర్ ఒకటిగానే లెక్కిస్తుంది. గడియారాన్ని కూడా నమ్మలేం; బ్యాటరీ పూర్తిగా దిగిపోయి లేచిన ఫోన్‌లో తేదీ తప్పు ఉండొచ్చు. పూట తెరిచేటప్పుడు సెక్రటరీ తేదీ ఖాయం చేస్తాడు, వరుసను చీటీ నంబరే నిర్ణయిస్తుంది.

ఫోన్ మెమరీ నిండితే ఎంట్రీ రాయలేకపోవడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అది పూట మధ్యలో జరుగుతుంది. యాప్ మొదటిసారి తెరిచినప్పుడే 20 ఎంబీ ఖాళీ ఫైలు సృష్టించి పెట్టుకుంటుంది. మెమరీ నిండినట్టు డేటాబేస్ చెప్పగానే దాన్ని చెరిపి చోటు చేసుకుంటుంది, పూట అయ్యాక వీడియోలు తీసేయమని అడుగుతుంది.

చీటీ అచ్చు గురించి. రెండంగుళాల ప్రింటర్‌లో వరుసకు 384 చుక్కలు, అంటే 48 బైట్లు. తెలుగు ఫాంటు అందులో ఉండదు, బొమ్మగానే పంపాలి. ప్రతిసారీ చీటీ మొత్తం బొమ్మగా గీస్తే చవక ప్రింటర్ బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి సగంలో ఆగేది. ‘లీటర్లు’, ‘వెన్న’, ‘ధర’, ‘మొత్తం’ అన్న మాటలనూ పది అంకెలనూ ముందే బొమ్మలుగా చేసి యాప్‌లో పెట్టి, లోగో తీసేసి, చీటీని 240 వరుసలకు కుదించాం: 11,520 బైట్లు, 30 మిల్లీమీటర్లు. చింపే అంచుతో 45 మిల్లీమీటర్లు అనుకుంటే 15 మీటర్ల రోలు 330 చీటీలకు వస్తుంది; రోజుకు 180 చీటీల కేంద్రానికి రెండు రోజులు కూడా రాదు. రోలు సెక్రటరీ సొంత డబ్బుతో కొనాల్సి వస్తే అచ్చు ఆగిపోవడం ఖాయం. ఎన్ని చీటీలు మిగిలాయో యాప్ లెక్కగట్టి, ట్రక్ షీట్‌లో కోరిక పెడుతుంది. రోలు బండితో వస్తుంది. దీన్ని ఐటీ విభాగం తమ పని కాదంది. మా దృష్టిలో ఇది సర్వర్ ఎంతో అంత ముఖ్యమైన భాగం.

తెర మీది తెలుగుకు ఒక్క మాట: వరుస ఎత్తు ఇంగ్లీషు కొలతకు ఉంటే వత్తులు తెగిపోతాయి. ‘మొత్తం’లో తావత్తు తెగితే చదవడం కష్టం. వరుస ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నా బటన్ సాగేలా ఉండాలి.

ఏం నేర్చుకోవచ్చు, ఏం మిగిలింది

విజయానికి కొలత డ్యాష్‌బోర్డు కాదని ముందే అనుకున్నాం. నోటుబుక్ ఆగిందా లేదా, వరుస ఎంట్రీల మధ్య సమయం 40 సెకన్లకు పైకి వచ్చిందా అన్నవే చూశాం. చీటీలు నిలకడగా అచ్చయిన కేంద్రాల్లో ముందు ఎంట్రీల టైమ్ పూట సమయంలోకి వచ్చింది, తర్వాత నోటుబుక్‌లో పాల లెక్క ఆగింది. దాణా లెక్క ఇంకొన్నాళ్లు అందులోనే నడిచింది. బస్తా ఇచ్చినప్పుడు కూడా చీటీ రావాలని రైతులే అడిగాక యాప్‌లోకి మారింది. బిల్లులో ఇప్పుడు ప్రతి కోత తేదీతో, బస్తాల సంఖ్యతో పడుతుంది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు మొదటి వారం తెరలు గీయడం వద్దు. ఉన్న నోటుబుక్‌ను పేజీ పేజీ చదవండి, క్యూలో సెకన్లు లెక్కపెట్టండి, ఫోన్ పట్టుకోని మనిషి చేతికి ఏం వెళుతోందో చూడండి. సాధారణంగా ‘ఒక్కరికి ఒక్కటే’ అని డేటాబేస్‌లో పెట్టే ప్రతి నిబంధననూ ఊళ్లో ఎవరో ఒకరు రోజూ దాటుతూనే ఉంటారు.

థర్మల్ కాగితం ఎండకూ, నూనెకూ, ప్లాస్టిక్ కవరులో పెట్టినా వెలిసిపోతుంది. 15 రోజుల 30 పూటల వరుసలతో మామూలు కాగితం మీద బిల్లు డెయిరీ నుంచి బండితో పంపడం దీనికి సగం పరిష్కారమే; ఈలోగా చీటీ వెలిసిపోతే రైతు చేతిలో పోల్చడానికి ఏమీ ఉండదు. అసలు పెద్ద చిక్కు అనలైజర్‌ది. ముందు శాంపిల్ మిగిలిపోయినా, గేదె పాలను ఆవు మోడ్‌లో పెట్టినా అంకె తప్పుతుంది, యాప్ ఆ తప్పును అంతే నమ్మకంగా అచ్చేస్తుంది. ఎంట్రీలోని పాల రకం చూపించి మోడ్ సరిచూడమని గుర్తుచేస్తున్నాం. గెర్బర్‌తో అనలైజర్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఆ తేదీ కూడా చీటీ మీద వేయాలని ప్రతిపాదించాం. తేదీ పాతదైతే రైతులు నిలదీస్తారని డెయిరీ ఇంకా ఒప్పుకోలేదు. నిలదీయాలనే మా ఉద్దేశం. ఆ ఒక్క వరుసకు చీటీలో చోటు ఖాళీగా ఉంచాం.